పొరుగుసీమ పలుకును పరిహసింపదగునా?

తెలుగు భాష ఒక్కటే, పలుకుబడులు పెక్కులు. ఇచ్ఛాపురము మొదలు చిత్తూరు వరకును, ఆదిలాబాదు మొదలు అంతర్వేది వరకును కోట్లాది జను లీ భాషను మాటలాడుచున్నారు. నేల మారినచోట పంట మారును. పంట మారినచోట పని మారును. పని మారినచోట మాటయు మారును. ఇది అన్ని భాషలకును సహజము. అయినను ఒక సీమవాని పలుకు చెవిని బడగానే వేరొక సీమవాడు నవ్వుట తరచుగా కనబడుచున్నది. ఆ నవ్వు తగినదేనా యని విచారింపవలసియున్నది.

కరీంనగరు ప్రాంతమునుండి ఒక కుటుంబము జీవనోపాధికై అమలాపురము వచ్చి స్థిరపడిన దనుకొనుడు. వారి కుమారుడు అచటి పాఠశాలలో ఎనిమిదవ తరగతిలో చేరినాడు. ఒకనాటి సాయంకాలము అతడు కిటికీ నుండి చూచి, “మా అవ్వ వచ్చింది” అని సంతోషముతో తోటివారికి చెప్పినాడు. పిల్లలందరును ఒక ముసలమ్మకొరకు చూచిరి. ద్వారముకడ నిలిచియున్నది ముప్పదియైదేండ్ల స్త్రీ. తరగతి యంతయు గొల్లుమన్నది.

కోనసీమలో అవ్వ యనగా వృద్ధురాలు. ఆశ్చర్యము కలిగినపుడు బుగ్గను వ్రేలుంచుకొని “అవ్వ!” అనుటయు అచట కలదు. తెలంగాణ పల్లెలలో అవ్వ యనగా కన్నతల్లి. స్త్రీ పుట్టినింటిని వారు “అవ్వగారిల్లు” అందురు. రాయలసీమలో అవ్వ యనగా తల్లిని కన్న తల్లియో, తండ్రిని కన్న తల్లియో. మూడర్థములును మూడుచోట్ల సరియైనవే. కాని ఆ తరగతిలో ఎవ్వరును “అవ్వ యనగా మీ ఊరిలో ఎవరు?” అని అడుగలేదు, ముందుగా నవ్విరి. ఆ బాలుడు మరునాటినుండి పదిమందిలో తల్లిని ఆ పిలుపుతో పిలుచుటకు సిగ్గుపడినచో, ఆ తప్పు ఎవరిది? నవ్వినవారికి అది క్షణకాలపు వినోదము. అతనికి మాత్రము ఊహ తెలిసిననాటినుండి నోటనున్న మొదటి మాట పోయినట్లే.

ఇది తెలంగాణ బాలునికి మాత్రమే కలుగు కష్టము కాదు. కొత్తపేటనుండియో రాజోలునుండియో పైచదువులకై హైదరాబాదు వెళ్లిన బాలికకును ఇట్టి యనుభవమే కలుగవచ్చును. కోనసీమవారు పెద్దల మాటకు బదులు పలుకునపుడు “ఆయ్” అందురు. అది అంగీకారమును, గౌరవమును ఒక్కసారిగా తెలుపు మాట. “అలాగేనండి, ఆయ్” అన్నచో చెప్పిన పని శిరసావహించితినని భావము. బియ్యము, ఉప్పు, పప్పు మొదలగు వస్తువులను చెప్పునపుడు సైతము ప్రతి మాటకును “అండి” చేర్చుట అచటి మర్యాద. ఆ మర్యాద నెరుగనివారికి ఆ “ఆయ్” అరుపువలెనో అదలింపువలెనో వినబడును. ఆ బాలికను చూచి ఇతరులు “ఆయ్, ఆయ్” అని అనుకరించి నవ్వుదురు. అమలాపురములో నవ్వినవారి సోదరియే హైదరాబాదులో నవ్వులపాలగుచున్నది. కావున ఇందు గెలిచిన సీమ యేదియు లేదు.

పరిహాసమునకు మూలము ఒక పొరపాటు. ప్రతివాడును తన యూరి యర్థమే అసలైన యర్థమనియు, ఇతరుల యర్థము దానికి వికృతి యనియు తలంచును. “గుంట” అను చిన్న మాటను చూచినచో ఈ తలంపు ఎంత తప్పో తెలియును. కోనసీమలో గుంట యనగా నేలలోని పల్లము, నీరు నిలుచు చిన్న గొయ్యి. తెలంగాణలో ఆ యర్థముతోపాటు గుంట ఒక భూమి కొలత. నలువది గుంటలు ఒక ఎకరము. కోస్తా జిల్లాలలో ఎకరమును నూరు సెంట్లుగా లెక్కింతురు. కావున ఒక గుంట రెండున్నర సెంట్లకు సమానము. శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములలో గుంట యనగా ఆడపిల్ల, మగపిల్లవాడు గుంటడు. తెలంగాణ రైతు “నాకు నాలుగు గుంట లున్నవి” అనినచో, కోనసీమవాడు వాని పొలములో నాలుగు గోతు లున్నవని తలంచును. శ్రీకాకుళమువాడు వానికి నలుగురు కుమార్తె లున్నారని సంతోషించును. చెప్పినవాడు మాత్రము పది సెంట్ల నేలనుగూర్చి చెప్పినాడు. భూమి కొనునపుడును, కౌలుపత్రము వ్రాయునపుడును ఇట్టి మాటకు అర్థ మడిగి తెలిసికొనక నవ్వి యూరకుండినచో నష్టము నవ్వినవానికే కలుగును.

వ్యవసాయపు మాటలను పరిశీలించినచో ఈ విషయము మరింత స్పష్టమగును. గోదావరి మండలములలో వరినారును పెరికి మడిలో నాటుటను “ఊడ్పు” అందురు. “మా చేలో ఊడ్పులయినవి” యని కోనసీమ రైతు చెప్పినపుడు, ఊడ్చుట యనగా చీపురుతో చిమ్ముట మాత్రమే యని యెరిగిన తెలంగాణ రైతు చేనును చిమ్ముట యేమని విస్తుపోవును. అతడా పనిని “నాటు” అనును. కోనసీమవారు వరి పండు నేలను సైతము “చేను” అందురు. తెలంగాణలో చేను సాధారణముగా మెట్టపంటల భూమి. వరి పండునది “పొలము”. గోదావరి డెల్టాలో తొలిపంట సార్వా, రెండవపంట దాళ్వా. తెలంగాణలో అవి వానాకాలపు పంట, యాసంగి పంట. ఇందులో ఏ మాటయు మరొకదానికంటె తక్కువ కాదు. కాలువ పారు నేలలో పుట్టిన మాటలు కాలువ సేద్యమునకు తగియున్నవి; చెరువుక్రింద సాగు నేలలో పుట్టిన మాటలు ఆ సేద్యమునకు తగియున్నవి.

చెరువు అను మాట సైతము అన్ని చోట్ల ఒక్కటి కాదు. తెలంగాణలో చెరువనగా ఊరి పొలములకు నీరిచ్చు జలాశయము. ఊరి బ్రతుకే దానిపై ఆధారపడియుండెడిది. కోనసీమకు ధవళేశ్వరము ఆనకట్ట వలన కాలువలు వచ్చినవి. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో ఆ యానకట్ట నిర్మాణము 1847లో ఆరంభమై 1852లో ముగిసినది. కాలువ నీటితో పంట పండుటచే అచటి చెరువు త్రాగునీటికిని, పశువులకును ఉపయోగపడెను. నేడు ఆ ప్రాంతమున “చెరువు త్రవ్వించినాడు” అనినచో తరచుగా చేపలనో రొయ్యలనో పెంచుటకు త్రవ్వించినా డని యర్థము. ఒకే మాట రెండు సీమలలో రెండు జీవితములను చూపుచున్నది. ఒకే సీమలో రెండు కాలములను సైతము చూపుచున్నది.

కోనసీమ పలుకులలో ఆ నేల స్వరూపమంతయు కానవచ్చును. ధవళేశ్వరమునకు దిగువను గోదావరి గౌతమి, వసిష్ఠ యను పాయలుగా చీలినది. ఆ రెండింటి నడుమనున్నదే కోనసీమ. వైనతేయ యను మరియొక పాయ రాజోలు ప్రాంతమును అమలాపురమునుండి వేరుచేయుచున్నది. ఇచట “లంక” యనగా రావణుని పట్టణము కాదు. ఏటినడుమ ఒండ్రు మేట వేయగా ఏర్పడిన దీవి. లంకలలో అరటి, కూరగాయలు చక్కగా పండును. వరద వచ్చినపుడు లంకవాసులకు పడవయే శరణ్యము. వరదనుండి ఊళ్లను కాపాడు కట్ట “ఏటిగట్టు”. మనుష్యులను, బండ్లను ఏరు దాటించు వెడల్పాటి నావ “పంటు”. చేలకు నీటిని కొనిపోవు చిన్న కాలువ “బోదె”. ఈ మాట లెరుగనివానికి ఆ సీమలో దారియు తెలియదు, నీటి నడకయు తెలియదు.

కొబ్బరిని గూర్చిన మాటలు మరింత గమనింపదగినవి. చెట్టెక్కి కాయలను కోసి దించు పని “దింపు”. పీచును తొలగించు పని “ఒలుపు”. ఒలువగా మిగిలిన పీచుతోడి పైతొక్క “డొక్క”. ఇతర ప్రాంతములలో డొక్క యనగా పొట్టయో ప్రక్కయో అగుటచే, “డొక్కలు ఎండబెట్టినారు” అనిన మాట వారిని భయపెట్టినను ఆశ్చర్యము లేదు! కొబ్బరి యాకు “కమ్మ”. ఇతరులకు కమ్మ యనగా చెవి యాభరణము. అంబాజీపేట కొబ్బరి విపణిలో వినబడు “కురిడీ” యను మాట చూడుడు. కాయను చాలకాలము నిలువయుంచగా లోని నీరింకిపోయి, కొబ్బరి యెండి, చిప్పనుండి విడివడి, ఊపినపుడు గలగలమనును. అట్టి కాయ కురిడీ. ఇంత వర్తమానమును మూడక్షరములలో నిమిడ్చిన మాటను “పల్లెటూరి మాట” యని త్రోసివేయుట వివేకము కాదు.

కొబ్బరికాయను రాయలసీమలోను, నెల్లూరు సీమలోను “టెంకాయ” అందురు. కోనసీమ బాలునికి టెంక యనగా మామిడిపండులోని గట్టి గింజ. కావున టెంకాయ యను పేరు అతనికి వింతగా తోచును. కాని తమిళులు కొబ్బరికాయను తేంగాయ్ అనియు, కన్నడిగులు తెంగినకాయి అనియు, మలయాళులు తేంగా అనియు పిలుతురు. అనగా ఆ మాట రాయలసీమవారు చెడగొట్టిన తెలుగు కాదు. దక్షిణదేశ భాషల చుట్టరికమును నిలుపుకొనియున్న ప్రాచీనపదము. అట్లే మజ్జిగను తెలంగాణవారు “సల్ల” యందురు. అది “చల్ల” యను అచ్చతెలుగు మాటయే. కోస్తావారు నిత్యవ్యవహారములో దానిని మరచినను, “చల్లకు వచ్చి ముంత దాచినట్లు” అను సామెతలో ఇప్పటికిని పలుకుచున్నారు. తమ సామెతలో భద్రపరచుకొన్న మాటనే పొరుగువాడు పలికినపుడు నవ్వుట ఎంత విచిత్రము!

కూరగాయల సంతలోను ఇట్లే. కోనసీమలో ఆనపకాయ యనబడునది గుంటూరులో సొరకాయ. చిత్తూరు సీమలో “అనప” యన్నచో గింజలకై వండుకొను చిక్కుడుజాతి కాయ. మొదటి యక్షరమునకు దీర్ఘము తొలగినంతనే వస్తువే మారిపోయినది. కోనసీమవారి గోరుచిక్కుడు తెలంగాణలో గోకరకాయ, రాయలసీమలో మటిక్కాయ. కోనసీమవారి ఉల్లిపాయ తెలంగాణలో ఉల్లిగడ్డ, రాయలసీమలో ఎర్రగడ్డ. గోదావరి పాయ, జడలోని పాయ, వెల్లుల్లి పాయ యని విభాగమును చూచి ఒకరు పేరు పెట్టిరి. నేలలోని గడ్డను చూచి మరియొకరు పేరు పెట్టిరి. ఇద్దరి చూపును సత్యమే.

ఇట్లుండగా ఒక యాస శిష్టమనియు, వేరొకటి మోటు అనియు పేరు లెట్లు వచ్చినవి? కృష్ణా, గోదావరీ ప్రాంతపు పలుకుబడి తక్కిన వానికంటె స్వభావముచే శుద్ధమైనందున కాదు. ఆ ప్రాంతమునందు పాఠశాలలు, ముద్రణాలయములు, పత్రికలు, నాటకములు ముందుగా వ్యాపించినవి. పుస్తకములలో వాడబడినది గొప్పదనియు, వాడబడనిది తక్కువదనియు జనులు భావించిరి. చలనచిత్రములు వచ్చిన పిమ్మట చిరకాలము కథానాయకునికి ఒక పలుకుబడి, సేవకునికిని హాస్యగానికిని వేరొక పలుకుబడి ఇచ్చుట ఆచారమయ్యెను. ఇటీవల ఈ యాచారము కొంత సడలినను, అది నాటిన భావము పూర్తిగా తొలగలేదు. ధనమును, అవకాశమును, అచ్చును తెచ్చిన గౌరవమును భాష యొక్క సహజగుణమని భ్రమించుట తగదు.

ఈ చర్చ తెలుగుదేశమునకు క్రొత్తది కాదు. ఇరువదవ శతాబ్దారంభమున గిడుగు రామమూర్తి పంతులుగారు, జయంతి రామయ్య పంతులుగారు ఇట్టి వాదమున రెండు పక్షములకును నాయకులైరి. గిడుగువారు (1863–1940) శ్రీకాకుళ ప్రాంతమువారు. జనుల నోట మెలగు భాషయే చదువునకును, వ్రాతకును తగినదని వాదించిరి. కొండలలో నివసించు సవరల భాషను స్వయముగా నేర్చి, దానికి నిఘంటువును కూర్చిన మహనీయు లాయన. వారి జన్మదినమైన ఆగస్టు 29వ తేదీ నేడు తెలుగు భాషా దినోత్సవముగా జరుపబడుచున్నది. జయంతివారు కోనసీమలోని ముక్తేశ్వరమున జన్మించినవారు. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తును స్థాపించిరి. సూర్యరాయాంధ్ర నిఘంటువు నిర్మాణమునకు పాటుపడిరి. సీమకొక తీరున వ్రాయుట మొదలిడినచో ఒకరి వ్రాత మరొకరికి అర్థము కాదనియు, తరతరముల వాఙ్మయముతో సంబంధము తెగుననియు వారి భయము.

ఆ భయము నిరాధారమని త్రోసివేయరాదు. జాతికి అందరికిని తెలియు ఒక వ్రాతభాష ఉండవలసినదే. శాస్త్రము, చట్టము, వార్త, పాఠము అన్ని సీమలవారికిని అందవలెను. వైద్యుడు మందుచీటిపై వ్రాసిన సూచనను పాలకొల్లువాడును పాలమూరువాడును ఒకే రీతిగా గ్రహింపవలెను. కాని ఉమ్మడి భాష ఉండవలెనన్నంత మాత్రమున ఇంటిమాట చావవలెననుట న్యాయము కాదు. పొలము పనికి ఒక వస్త్రము, పెండ్లికి ఒక వస్త్రము ధరించువాడు మొదటిదానిని చూచి సిగ్గుపడడు, రెండును తనవే. అట్లే పదిమందికై వ్రాయునపుడు ఉమ్మడి భాషను, తనవారితో పలుకునపుడు తన యూరి భాషను వాడువాడు రెండింటికిని యజమాని. పాఠశాల నేర్పవలసినది రెండవ భాషను. మొదటిదానిని మరపించుట కాదు.

మరియొక భేదమును గుర్తింపవలెను. యాస వేరు, దుర్భాష వేరు. ఒకరిని నొప్పించు తిట్టు ఏ సీమలో పుట్టినను తిట్టే. “ఇది మా యూరి మాట” యని చెప్పి దానిని సమర్థింపరాదు. అట్లే తన యూరి మాటను ఇతరులతో పలుకువాడు, వారికి తెలియనపుడు విసుగుకొనక అర్థము చెప్పవలెను. అడుగుట వినువాని ధర్మము. చెప్పుట పలికినవాని ధర్మము. ఈ రెండు ధర్మములును నెరవేరినచోట పరిహాసమునకు తావుండదు.

జనుల నోట మెలగు మాట పండితుల పరిశ్రమకును తగినదే యని నిరూపించిన ఉదాహరణము కలదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటమును ప్రకటించినది. అది వ్యవసాయపదముల కోశము. దాని సంపాదకులు భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు. కావ్యములలోనుండి కాక, పల్లెలలోని కర్షకుల నోటినుండి ఆ మాటలు సేకరింపబడినవి. చేనేతపదముల సంపుటము 1971లో వెలువడినది. ఇట్టి పదముల వ్యాప్తిని పరిశీలించి కృష్ణమూర్తిగారు తెలుగుదేశమును పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలములని నాలుగు భాషామండలములుగా విభజించిరి. వానిలో ఏ మండలమును తప్పుల మండలము కాదు, ప్రతిదియు తెలుగే.

నాడు సేకరింపబడిన మాటలలో ఎన్నియో నేడు వినబడుట తగ్గినది. యంత్రము కోతకు వచ్చినచోట పనలు కట్టుట లేదు. కుప్పలు వేయుట లేదు. కావున ఆ పనులను తెలుపు మాటలును వృద్ధుల నోటనే నిలిచియున్నవి. కాలము మారినపుడు కొన్ని మాటలు పోవుట సహజము. దానిని ఎవ్వరును ఆపజాలరు. కాని పని యుండగనే, మనుష్యు లుండగనే, కేవలము నవ్వునకు వెరచి మాటను విడిచిపెట్టుట సహజమరణము కాదు. అది పదిమంది కలిసి చేసిన యపచారము.

1956లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ 2014లో రెండు రాష్ట్రములుగా విడిపోయినది. 2022లో కోనసీమ అమలాపురము ముఖ్యపట్టణముగా ప్రత్యేకజిల్లా అయినది. నేడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా. పాలనకై గీసిన ఎల్లలు మారుచుండును. బ్రతుకుతెరువునకై, చదువునకై జనులు ఆ యెల్లలు దాటి వచ్చుచు, పోవుచు నుందురు. వచ్చువారు మూటలతోపాటు మాటలను సైతము తెచ్చుకొందురు. మూటను చూచి నవ్వనివారు మాటను చూచి ఏల నవ్వవలెను?

విద్యార్థులు చేయదగిన పని కష్టమైనది కాదు. తమ తాతగారిని, మామ్మగారిని అడిగి, నేడు వినబడని పది మాటల నర్థములతో వ్రాసికొనవచ్చును. తరగతిలో వేరొక సీమవాడున్నచో అతని పది మాటలను అడిగి వాని ప్రక్కన వ్రాసికొనవచ్చును. అమలాపురపు తరగతిలో ఆనాడు ఒక్క బాలుడైనను నవ్వక, “అవ్వ యనగా ఎవరు?” అని అడిగియున్నచో, తరగతి యంతయు ఒక క్రొత్త యర్థమును నేర్చుకొనియుండును, ద్వారముకడ నిలిచిన ఆ తల్లి తన కుమారుని పిలుపును ఎప్పటివలెనే వినుచుండెడిది.